ఈగ వాలని ఇంటి గుమ్మడితీగ

ఆ వీధిలో పొగాయన ఇల్లెక్కడని ఎవర్నడిగినా ఒకటే చెబుతారు. "చీమ గుమ్మం దాకా వచ్చి, అయ్యో తప్పు ఇంటికొచ్చానని వెనక్కి తిరిగే ఇల్లుంది చూడండి, అదే."

పొగాయన పని పురుగుల మందు కొట్టడం. కొత్తలో బుసబుసమని పొగ వదిలే మిషను ఒకటి భుజాన వేసుకుని తిరిగేవాడు, అందుకా పేరు. తర్వాత మిషను పోయింది, వీపు మీదికి ట్యాంకూ చేతిలోకి గొట్టమూ వచ్చాయి, పేరు మాత్రం పోలేదు. ఇరవై రెండేళ్లుగా బొద్దింకలకీ చెదలకీ నల్లులకీ ఆయనంటే హడల్. మనుషులకేం హడల్ లేదు. ముఖ్యంగా ఆయన బామ్మర్దికి.

బామ్మర్ది బస్సు కండక్టరు. వాడికి రెండే సరదాలు, ఒకటి చిల్లర లేదనడం, రెండోది బావని ఏడిపించడం. ఒకసారి రబ్బరు బొద్దింకని తెచ్చి పొగాయన అన్నం డబ్బాలో పెట్టాడు. పొగాయన మందు కొట్టడానికెళ్లిన చోట పన్నెండిళ్ల వాళ్ల ముందు మూత తీసి, ఎగిరి బెంచీ ఎక్కాడు. పురుగుల మందాయన బొద్దింకని చూసి బెంచీ ఎక్కాడన్న మాట ఊరంతా పాకడానికి పూట పట్టలేదు.

ఇంటి విషయంలో పొగాయనకో నియమం ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలవాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం తెల్లవారగానే ముందు తన ఇల్లు, తన పెరడు కొట్టేవాడు. ఆ తర్వాతే వీధిలో నెలవారీ ఇళ్లు ఆరూ. చెదలు రాకుండా పెరడంతా ఎప్పుడో సిమెంటు చేయించేశాడు. గోడవారన మూరెడు మట్టి మాత్రం వదిలాడు, అదీ భార్య పోరు పడలేక.

ఆ మూరెడు మట్టిలోనే ఉంది అసలు కథ.

ఆయన భార్య పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. హోటళ్ల దుప్పట్లు, దిండు గలీబులు. పొద్దున్న ఆరుకి డ్యూటీ ఎక్కితే రెండింటికి దిగుతుంది. ఆవిడ తల్లి పోయి మూడేళ్లవుతోంది. తల్లి తదనంతరం పిల్లలిద్దరికీ వచ్చిన ఆస్తి ఏమిటయ్యా అంటే, ఒక కుట్టు మిషను, మాత్రల డబ్బాలో ఆరు గుమ్మడి గింజలు. కుట్టు మిషను తమ్ముడు తీసుకున్నాడు, గింజలు అక్క తీసుకుంది. ఆ గుమ్మడి అంగట్లో దొరికే రకం కాదు. బూడిద పట్టినట్టుండే తోలు, లోపల కుంకుమపువ్వు రసమంత చిక్కటి నారింజ రంగు. పెద్దావిడ నలభై ఏళ్లు ఏటేటా తన కాయలోంచే గింజ తీసి తనే నాటుకుంది. బయట ఎవరి దగ్గరా లేదు.

మొదటేడు రెండు గింజలు పెట్టారు. తీగ గోడెక్కింది, పూసింది, పిందెలన్నీ పసుపు పచ్చబడి రాలిపోయాయి. రెండో ఏడు రెండు పెట్టారు. అదే తంతు. ఆ ఏడు చేత్తో పుప్పొడి దులిపితే కాయ నిలుస్తుందని ఎవరో చెబితే, భార్య డ్యూటీకి పోతుంది కాబట్టి పొగాయనే ఆ పనికి పూనుకున్నాడు. మర్నాటికి ఆడపువ్వు నల్లగా మాడి ముడుచుకుపోయింది.

"బావ చెయ్యి తగిలితే గుమ్మడిపువ్వేం ఖర్మ, ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోద్దక్కా," అన్నాడు బామ్మర్ది.

"నోర్ముయ్‌రా. మూడుసార్లు సబ్బు పెట్టి కడిగా."

"ఆ సబ్బుకి ఎలా ఉందో కనుక్కున్నావా మరి?"

మూడో ఏడు డబ్బాలో మిగిలినవి రెండే. ఒకటి మొలిచింది, ఒకటి కుళ్లింది. ఈసారి ఈ తీగకి ఒక్క కాయైనా నిలవకపోతే పెద్దావిడ గుమ్మడి ఇక లేనట్టే. భార్య ఆ మాట పైకి అనలేదు. మొలకకి నీళ్లు పోసేటప్పుడు మాత్రం చంటిబిడ్డకి లాల పోసినట్టు పోసేది. పొగాయన అది చూసి, చూడనట్టు తిరిగి, ట్యాంకు తుడుచుకునేవాడు.

ఒకరోజు డ్యూటీ దిగాక ఆవిడ నర్సరీకి వెళ్లింది. అక్కడి నర్సరీ ఆవిడ అంతా విని ఒకటే అడిగింది.

"మీ ఇంట్లో తేనెటీగలు తిరుగుతాయా అమ్మా?"

"మా ఇంట్లోనా! మామూలు ఈగ కూడా తిరగదు," అంది ఈవిడ గొప్పగా. ఇరవై రెండేళ్ల అలవాటు మరి.

"అదేనమ్మా నీ రోగం."

ఆ సాయంత్రం పొగాయన కాళ్లు చాపుకుని కూర్చునుంటే భార్య పక్కన కూర్చుంది. ఆవిడ పక్కన కూర్చుందంటే ఏదో మూడిందన్నమాట.

"ఏవయ్యా, సిమెంటు పగలగొట్టాలి."

"ఏ సిమెంటు?"

"పెరట్లోది."

"నీకేమైనా పిచ్చా? చెదలొస్తాయే!"

"వస్తే రానీ. కొన్ని తేనెటీగలు మట్టిలోనే బొరియలు చేసుకుంటాయట. మట్టి కావాలి, పూలు కావాలి, పళ్లెంలో గులకరాళ్లేసి నీళ్లు పెట్టాలి. మందు మానాలి."

చివరి మాట ఆవిడ చాలా మెల్లిగా అంది. పొగాయనకి మాత్రం అదొక్కటే వినపడింది.

"మందు మానేస్తే మనింట్లో బొద్దింక తిరుగుద్ది. ఎవరైనా చూశారనుకో, నా పరువేం కాను?"

"మా అమ్మ గింజ పోతే నా కడుపేం కాను?"

మర్నాడు గడ్డపలుగు అద్దెకి తెచ్చాడు.

నాలుగు ఆదివారాలు పట్టింది ఆ సిమెంటు లేవడానికి. ఎవడో పనోడు చేసి ఉంటే రెండు రోజుల్లో ఊడొచ్చేది కానీ, దగ్గరుండి మూడు బస్తాలు ఎక్కువేయించి గట్టిగా పోయించుకున్నది తనే. ఎవరు చేసుకున్నది వాళ్లకి తప్పదు కదా. బామ్మర్ది గోడ మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటూ దెబ్బలు లెక్కపెట్టాడు.

"సాయం చెయ్యొచ్చుగా రా!"

"చేస్తున్నాగా బావా, నువ్వు లెక్క మర్చిపోకుండా."

నర్సరీ ఆవిడ చెప్పినట్టే నాటారు. కొత్తిమీర, ముల్లంగి, ఆవాలు కోసుకోకుండా పూతకి వదిలేశారు. ముద్దబంతి కాకుండా రేకబంతి పెట్టారు, ముద్దదైతే లోపలికి ఈగ దూరలేదట. పొద్దుతిరుగుళ్లు ఒకేసారి కాకుండా వారానికి నాలుగు చొప్పున వేశారు, ఒకటి వాడేసరికి ఇంకోటి విచ్చుకునేట్టు. ఒక మూల మట్టిని తవ్వకుండా, తడపకుండా, ఊడవకుండా వదిలేశారు. ఊడవకుండా వదిలేసిన ఆ మూలని చూసినప్పుడల్లా పొగాయనకి ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. రెండు నెలలు ట్యాంకు ముట్టుకోలేదు, అంటే ఇంటి వరకు. మొదటి ఆదివారాలు రెండూ భార్య ముందురోజు రాత్రే గుర్తుచేసి పడుకుంది.

మొదటి తేనెటీగ ఒక మంగళవారం వచ్చింది. చిన్నది, నల్లగా, బియ్యపుగింజంత. కొత్తిమీర పూల మీద వాలి, అద్దె ఇల్లు చూడ్డానికొచ్చినదానిలా అన్ని గదులూ తిరిగి వెళ్లిపోయింది. బుధవారానికి చుట్టాల్ని వెంటేసుకొచ్చింది. వారం తిరిగేసరికి పెరడంతా ఝుమ్మంటోంది. గుమ్మడితీగ గోడ మీదికి పాకి పసుపు పూలు విప్పింది. అన్నీ మగపూలే. ఆడపువ్వుకి కింద గోలీకాయంత పిందె ఉంటుంది, దాంతోనే పుడుతుంది. భార్య రోజూ డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకుండా తీగంతా వెతికేది. చివరికొక శనివారం కనిపించింది, మొగ్గ కింద పిందె.

"రేపో ఎల్లుండో విచ్చుకుంటుంది," అంది. అని సంతోషంలో, పాపం, రేపు మొదటి ఆదివారమన్న సంగతి మర్చిపోయి పడుకుంది.

తెల్లవారుజామున ఐదున్నరకి ఆవిడ డ్యూటీకి వెళ్లింది. ఆరింటికి పొగాయన లేచాడు. ఆయన లేచాడు అనకూడదు, ఆయన చేతులు లేచాయి. చేతులు వెళ్లి ట్యాంకు దించాయి, మందు కొలిచాయి, నీళ్లు కలిపాయి, పట్టీలు బిగించాయి. కాళ్లు తలుపు మూల నుంచి మొదలెట్టాయి. బుర్ర మాత్రం ఇంకా దుప్పట్లోనే ఉంది. ఇరవై రెండేళ్లు ఏ పనైనా చేస్తే అంతే, దానికి మనిషక్కర్లేదు. మెట్లయ్యాయి, గోడవార అయింది, ఊడవని మూల అయింది, కొత్తిమీర అయింది, పొద్దుతిరుగుళ్లు సగం అయ్యాయి.

అప్పుడు కాలి దగ్గర ఏదో గిరగిరా తిరుగుతూ కనిపించింది. బియ్యపుగింజంత నల్ల ఈగ. వెల్లకిలా పడి, తడి ఆకు మీద గుండ్రంగా తిరుగుతోంది. ఇరవై రెండేళ్లలో అలా తిరిగినవాటిని ఎన్నో లక్షలు చూశాడాయన. ఒక్కదాన్ని చూసి కూడా ఏమీ అనిపించలేదు. దీన్ని చూడగానే గొట్టం చేతిలోంచి జారిపోయింది.

"ఓరి నీ అలవాటు తగలెయ్య," అన్నాడు తన చేతుల్తో.

గుమ్మడితీగకి జానెడు దూరంలో ఆగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మనవాళ్లు ఊరికే అనలేదు, ఆయన నిజంగానే ఆకులు పట్టుకుని ఒక్కొక్కటీ నీళ్లతో కడిగాడు. కానీ ఆయనకి తన మందు సంగతి తెలుసు. కడిగితే పువ్వులోంచి పోదు. పువ్వుంటే ఈగొస్తుంది, వచ్చిందంటే చస్తుంది, చావకపోతే గూటికి మోసుకెళ్తుంది. ఒకటే దారి. కత్తెర తెచ్చి మందు పడ్డ వైపు విచ్చుకున్న పువ్వల్లా కత్తిరించాడు. రెండు నెలలు పెంచిన పూలు, రెండు బకెట్లు నిండాయి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు కూడా తీసి కడిగి బోర్లించాడు.

రెండుంబావుకి భార్య గేటు తీసింది. పెరడు గుండు కొట్టించుకున్నట్టుంది. మధ్యలో ఆయన, అటూ ఇటూ బకెట్లు.

ఆవిడ బకెట్లకేసి చూసింది, గోడకి ఆనించిన ట్యాంకుకేసి చూసింది.

"ఎంత దాకా?"

"పొద్దుతిరుగుళ్ల దాకా. తీగ మీద పడలేదు."

"ఎన్నాళ్లుంటుంది?"

"ఎండ బాగా కాస్తే పది రోజులు. నేనే... అదే... అలవాట్లో పొరపాటు."

ఆవిడకి కోపమొస్తే అరవదు, ఇస్త్రీ చేస్తుంది. రోజంతా లాండ్రీలో చేసొచ్చింది కూడా లెక్కలేదు, ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న చొక్కాలు, తువ్వాళ్లు, జేబురుమాళ్లు, మసిగుడ్డలతో సహా ఇస్త్రీ చేసేసింది. పొగాయన మేజోళ్లకి కూడా మడత పడింది. ఐదు రోజులు ఆ ఇంట్లో ఇస్త్రీ పెట్టె చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పెరట్లో అదీ లేదు.

మొదటి ఆడపువ్వు సోమవారం విచ్చుకుంది. ఏ ఈగా రాలేదు. శుక్రవారానికి పిందె రాలింది. రెండో ఆడపువ్వుకి భార్య తన చేత్తోనే పుప్పొడి దులిపి, ఆలస్యంగా వెళ్లి లాండ్రీలో చీవాట్లు తింది. పిందె నిమ్మకాయంత అయింది, ఆశ పెట్టింది, పసుపుబారింది, రాలింది. తీగ కింద ఆకులు ఎండుతున్నాయి. కొసన ఇంకొక్క మొగ్గ ఉంది. దాని తర్వాత ఏమీ లేదు.

ఆ మొగ్గని చూశాకే పొగాయనకి ఇంకో సంగతి తట్టింది. తన పెరట్లో మందు పడి పదిహేను రోజులైంది, ఎండకి అది ఎప్పుడో విరిగిపోయుంటుంది. మరి ఈగలెందుకు రావు? గోడెక్కి వీధంతా ఒకసారి చూశాడు. ఆ రోజు కంగారులో వాయిదా వేసిన ఆరిళ్లనీ, తర్వాత సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి చొప్పున చక్కగా కొట్టేసి వచ్చింది తనే. ఈగకి గోడలు తెలుస్తాయా? ఇవతలకి రావాలంటే అవతలి పెరళ్లు దాటుకునే రావాలి.

చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఇస్త్రీ చొక్కాలకి కొదవలేదు.

"పెద్దమ్మా, వచ్చే నెల నుంచి నీ పెరట్లో మందు కొట్టను," అన్నాడు మూలింటి ముసలావిడతో.

"అదేంట్రా, ఎవడైనా కొత్తోడొచ్చాడా మార్కెట్లోకి?"

"ఎవడూ రాలేదు. ఇంట్లో బొద్దింకలకి మూలమూలా పేస్టు పెడతా, పెరట్లో మాత్రం వద్దు. పూలమొక్కలు నాలుగు పెట్టుకో."

"ఒరేయ్, ఇరవయ్యేళ్లుగా చీమని చూస్తే చాలు చంపెయ్యాలంటివి. ఒంట్లో బాగానే ఉందా?"

పక్కింటి లిఫ్టు మెకానిక్కుకి అసలే అనుమానం ఎక్కువ. "రేటు పెంచడానికి నాటకమా గురువా?" అన్నాడు.

"కాదయ్యా. మా ఆవిడ మాట్లాడ్డం లేదు."

మెకానిక్కు మొహం మారిపోయింది. "అలా చెప్పవేం మరి!" అని లోపలికెళ్లి, కుండీలకని దాచుకున్న మందు సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. ఆరిళ్లలో ఐదిళ్లు ఒప్పుకున్నాయి. ఆరో ఇంటాయన ఆలోచించి చెబుతానన్నాడు. పొగాయన మిగిలిన మందు కూడా పోయేలా నీళ్లు పట్టి, ఆ ఐదు పెరళ్లలో ఆకులు కడిగొచ్చాడు. మందు కొట్టేవాడు వచ్చి మందు కడిగిపోవడం ఆ వీధి అప్పుడే చూసింది.

కొస మొగ్గ విచ్చుకునే రోజు బామ్మర్దికి సెలవు పడింది. పొగాయన తెల్లవారకుండానే తలంటుకుని, వారం నుంచి మందు బట్టల దగ్గర పెట్టకుండా వేరే ఉంచిన లుంగీ కట్టుకుని, తీగకి నాలుగడుగుల దూరంలో స్టూలేసుకున్నాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాడు. వాటి మీద నమ్మకం పోయిందాయనకి.

ఏడయింది. పువ్వు పూర్తిగా విచ్చుకుంది. ఎనిమిదయింది. పక్కనున్న మగపువ్వు మీదికి ఎండొచ్చింది. పది కొట్టేసరికి రెండూ ముడుచుకుంటాయి. ఎనిమిదిన్నరకి మొహం కడుక్కుందామని లోపలికెళ్లి వచ్చేసరికి పువ్వు నడిమధ్య నల్లగా, లావుగా, ఈగ!

ఉన్నచోటే ఆగాడు. ఈగ కదల్లేదు. అడుగు ముందుకేశాడు. కదల్లేదు. మందుకి చచ్చిందేమో అనుకున్నాడు. వంగి చూస్తే పొట్ట కింద చిన్న అతుకు గీత.

రబ్బరు.

గోడ అవతల నుంచి కిసుక్కుమని నవ్వు వినపడింది. పొగాయన గోడ దూకాడు. ఆ వయసులో గోడ దూకడం మోకాళ్లకి మంచిది కాదు, అయినా దూకాడు. బామ్మర్ది చొక్కా పట్టుకుని గేటు లోపలికి లాక్కొచ్చాడు.

"మీ అమ్మ గింజరా ఇది! నీకూ అమ్మేగా!"

"తెలుసు బావా."

"తెలిసి చేశావా?"

"పొద్దున్నే వచ్చా. నువ్వలా చేతులు కట్టేసుకుని కూర్చుంటే చూళ్లేకపోయా. ఒక్కసారైనా మొహం వెలుగుద్దని..." వాడి గొంతులో నవ్వు లేదు. "బాబోయ్, కాలరు చిరిగిపోద్ది, వదులు."

"చిరగనీ. మీ అక్క ఇస్త్రీ..."

మాట సగంలో ఆగిపోయింది. బామ్మర్ది కళ్లు ఆయన భుజం మీంచి ఎటో చూస్తున్నాయి.

"బావా. కదలకు."

"మళ్లీ రబ్బరుదా?"

"నా చేతులు రెండూ నీ కళ్ల ముందేగా ఉన్నాయి."

పొగాయన మెల్లగా తల తిప్పాడు. మగపువ్వులోంచి ఒక ఈగ వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికొస్తోంది. బియ్యపుగింజంత. ఒళ్లంతా పసుపు పూసుకుంది. అంచు మీద నిలబడి ముందుకాళ్లతో మొహం తుడుచుకుంది. ఎగిరింది. తీగ చుట్టూ ఒక చుట్టు చుట్టి, పొద్దుతిరుగుడు కేసి వెళ్లింది. పొగాయన గుప్పిట్లో కాలరు ఇంకా బిగిసింది. మళ్లీ తిరిగింది. ఆడపువ్వు మీద వాలింది. రబ్బరు ఈగ పక్కనే వాలి, దాన్ని ఒకసారి తట్టి చూసి, ఇదెవరో పలకదనుకుందో ఏమో, పక్కకి తప్పుకుని లోపలికి దిగింది.

బావా బామ్మర్దీ, ఒకరి కాలరు ఒకరి చేతిలో ఉండగానే, అలాగే నిలబడిపోయారు. ఎదురింట్లోంచి చూసినవాళ్లు వీళ్లు కొట్టుకుంటున్నారో కౌగిలించుకుంటున్నారో తేలక తలుపేసుకున్నారు.

రెండుంబావుకి భార్య వచ్చింది. పువ్వు ముడుచుకునుంది. ఆవిడ పొగాయన మొహం చూసి, తమ్ముడి కాలరు చూసి, స్టూలు మీద కూర్చుంది.

"ఎన్నొచ్చాయి?" అంది. ఇరవై రోజుల్లో పని మాట కాకుండా ఆయనతో అన్న మొదటి మాటదే.

"మూడు. మూడోది చాలాసేపుంది."

పిందె నిమ్మకాయంత అయింది, నిమ్మకాయంతలో ఆగకుండా కొబ్బరికాయంత అయింది, తోలు మీదికి బూడిద రంగు తిరిగింది. తీగంతా ఎండిపోయాక కోశారు. కోసింది బామ్మర్ది, వాడు అడిగి మరీ కోశాడు. గింజలు మాత్రల డబ్బాలో పట్టలేదు. ఎండబెట్టి, గుప్పెడు డబ్బాలో పోసి, మిగిలినవి భార్య చిన్న పొట్లాలు కట్టింది. ఐదిళ్లకి ఐదు. ఆలోచించి చెబుతానన్న ఆరో ఇంటికి కూడా ఒకటి.

పొగాయన మందు పని మానలేదు. బొద్దింకలున్నంత కాలం ఆయన కూడూ ఉంటుంది. ఈ మధ్య సొంత వంటింట్లో కూడా ఒకటి కనిపిస్తోంది, అది మాత్రం బయట ఎవరికీ చెప్పకండి.

కాయ కోసిన తర్వాతి నెల మొదటి ఆదివారం తెల్లవారి, ఆరింటికి, ఆయన చేతులు మళ్లీ లేచాయి. లేచి ట్యాంకు దించాయి, పట్టీ లాగాయి. పట్టీ రాలేదు. రెండు పట్టీలూ కలిపి చింపిన హోటలు దుప్పటి పేలికతో ఏడు ముళ్లేసి ఉన్నాయి, పేలిక కూడా చక్కగా ఇస్త్రీ చేసి మరీ. ఏడు ముళ్లు విప్పేలోపు ఎలాంటి నిద్రమత్తైనా దిగిపోతుంది. నాలుగో ముడి దగ్గర ఆయనకి మెలకువొచ్చింది.

కిందికి చూశాడు. గొట్టం మూతికి రబ్బరు ఈగ అతికించి ఉంది.

పెరట్లోంచి ఝుమ్మని చప్పుడు మొదలైంది. పొగాయన ముడి వదిలేసి, గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోయడానికి వెళ్లాడు.